సమ్మవ్వ ఎక్కని బోగీ

సమ్మవ్వ నోట్లో నోరు పెట్టి నెగ్గిన మనిషి బొగ్గుబాయి కార్మికుల సెంటినరీ కాలనీలో ఇంకా పుట్టలేదు. కూరగాయల బండివాడు ఆమె క్వార్టర్ వరుసలోకి రాకముందే తక్కెడ సరిచూసుకుంటాడు. ఆమె పనిచేసే షెడ్డులో సూపర్‌వైజర్ ఆమెకు పని చెప్పాలంటే పక్కవానికి చెబుతాడు, ఆమెకు వినపడేంత గట్టిగా. కోపం అందరికీ వచ్చి పోతుంది. సమ్మవ్వకు రావడమే గాని పోవడం లేదు. తిన్న కంచం కడగకుండా తిష్ఠవేసిన చుట్టం లెక్క పదేళ్లుగా ఆ కోపం ఆమె ఇంట్లోనే ఉంది.

పదేళ్లని ఎందుకంటే, అంతకు ముందు ఆమె అట్లా ఉండేది కాదు.

ఆమెది కాసిపేట దిక్కు ఒక పల్లె. రెండో తరగతి దాకా బడికి పోయింది. మూడో తరగతిలో కూర్చోబెట్టకుండా తండ్రి బర్రెల వెంట తోలాడు. గట్టయ్యను చేసుకొని బొగ్గుబాయి మీదికి వచ్చింది. గట్టయ్య భూమి లోపల పదహారేళ్లు పనిచేశాడు. ఊపిరి చెడి, ఇక డ్యూటీకి పనికిరాడని దవాఖానలో తేల్చాక, ఆయన బదులు నౌకరీ ఆమెకు వచ్చింది. ఆడమనిషిని బాయిలోకి దింపరు కాబట్టి షిఫ్టు బండి షెడ్డులో వేశారు. అప్పుడామెకు ముప్పై అయిదేళ్లు.

షిఫ్టు బండి అంటే నాలుగు బోగీలు, ఒక డీజిల్ ఇంజను. రైల్వే వాళ్లు వాడి వాడి వదిలేసిన బోగీలవి. రామగుండం స్టేషను పక్క సైడింగులో మొదలై, బొగ్గు లైను వెంట బాయిల దాకా పోయి, షిఫ్టుకు పోయేవాళ్లను దింపి, షిఫ్టు దిగినవాళ్లను ఎక్కించుకొని వస్తుంది. ఎక్కేటప్పుడు మనుషుల బట్టలు తెల్లగా ఉంటాయి, దిగేటప్పుడు కళ్లు ఒక్కటే తెల్లగా ఉంటాయి. వాళ్ల ఒంటి మీది బొగ్గుపొడి బోగీ నేల మీద రాలుతుంది. వానకు తడుస్తుంది. తడిసిన బొగ్గుపొడి ఇనుమును చీమలు బెల్లం తిన్నట్టు తింటుంది, ముఖ్యంగా తలుపుల దగ్గర. పైకి ఏమీ కనపడదు.

అందుకని ఏటా ఎండాకాలంలో ఒక్కో బోగీని షెడ్డులోకి తెచ్చి, పాత రంగు గీకి, తుప్పు రాల్చి, చెడిన రేకు కోసి కొత్త రేకు అతికి, ఎర్ర రెడాక్సైడు పూసి, గుంతలకు లప్పం పెట్టి, రెండు పూతల రంగు వేస్తారు. గీకేది ఆడవాళ్లు. సమ్మవ్వ గీకుడులో చేరిన మూడేళ్లకే సుత్తె చేతికి తీసుకుంది. ఎవరూ ఇవ్వలేదు, తీసుకుంది. గీకిన రేకు మీద జానెడుకొక దెబ్బ వేసుకుంటూ పోతుంది. మంచి ఇనుము ఖంగుమంటుంది. చెడ్డది పండిన గుమ్మడికాయను తట్టినట్టు బొద్దుగా పలుకుతుంది. బొద్దుగా పలికిన చోట సుద్దముక్కతో ఇంటు గుర్తు పెడుతుంది. ఆమెకు వచ్చిన రాత రెండే ముక్కలు: ఒకటి సంతకం, రెండోది ఇంటు. ఆ ఇంటు ఉన్నచోట రేకు మార్చకుండా ఎంతటి మొనగాడూ కుంచె పెట్టకూడదు.

షెడ్డులో ఇంకొక వరస ఉంది. రంగు వేసిన బోగీ మొదటిసారి బయటికి పోయే దినం, దాన్ని తట్టి చూసిన మనిషి అందులో ఎక్కి బాయి దాకా పోయి రావాలి. ఎవరు పెట్టారో తెలియదు, ఏ కాయిదం మీదా లేదు. కార్మికులు రంగును చూడరు, నంబరును చూడరు. "సమ్మక్క ఎక్కిందా?" అని అడుగుతారు. ఎక్కిందంటే ఎక్కుతారు. సమ్మవ్వ కిటికీ దగ్గర కాళ్లు చాపుకొని కూర్చొని, ఎక్కే ప్రతి ఒక్కనికీ ఒక ముచ్చట తగిలించేది. ఆ రోజుల్లో ఆమె బాగా నవ్వేది కూడా.

రెండువేల నాలుగులో దసరాకు మూడు దినాల ముందు, ఎండాకాలంలో వంతు తప్పి అప్పుడు షెడ్డుకు వచ్చిన రెండో నంబరు బోగీ తలుపు దగ్గర చాటంత మేర బొద్దుగా పలికింది. సమ్మవ్వ ఇంటు పెట్టింది. అప్పటి ఫోర్‌మన్ వచ్చి చూశాడు. పండుగ ముందు బోగీ ఆగితే పైవాళ్లకు జవాబు చెప్పాల్సింది ఆయన.

"సమ్మవ్వా, రేకు లేదు, టైము లేదు. దసరా అయినంక మార్పిస్త. నా మాట మీద తుడిసెయ్."

"మాట మీద నిలబడ్తరా సార్ మనుషులు? రేకు మీద గదా నిలబడేది."

"నువ్వు జవాబియ్యకు. తుడువ్."

ఆమె తుడిచింది. కొంగుతో తుడిచింది. పై అధికారి మాట, ఇంట్లో దగ్గుతున్న మొగుడు, కొత్తగా వచ్చిన నౌకరీ కాకున్నా పోతే మళ్లీ రాని నౌకరీ. సాకులకేం, బొగ్గుకు లోటు ఉన్నా బాయిమీద సాకులకు లోటుండదు. వరస ప్రకారం ఆ బోగీ ఎక్కింది కూడా. అయితే ఆ తలుపు వైపు కాదు, రెండో కొసన కూర్చుంది. అక్కడి రేకు ఖంగుమన్నదని ఆమెకు తెలుసు.

ఇరవై ఎనిమిదేళ్ల ఎల్లేశం బాయిలో కోల్‌కటర్. పరుగెత్తుకుంటూ వచ్చి, కిటికీలో ఆమెను చూసి, "సమ్మక్క ఎక్కింది, ఇగ ఏం ఫికర్!" అని ఒక్క దూకు దూకి తలుపు దగ్గరే నిలబడ్డాడు. పట్టాల వంపు దగ్గర బండి ఊగింది. ఎల్లేశం ఎడమ కాలు రేకును చించుకొని కిందికి దిగిపోయింది. కింద బ్రేకు కడ్డీకి చిక్కింది. దవాఖానలో మోకాలి కింద తీసేశారు.

మూడో దినం సమ్మవ్వ బత్తాయిలు పట్టుకొని పోయింది. ఎల్లేశం మంచం మీద లేవబోయాడు.

"అక్కా, నువ్వు గూడ అండ్లనే ఉన్నవ్ గదా. నీకేం కాలే, అదే సంతోషం. నా నసీబు గట్లుంది, ఎవరేం చేస్తరు?"

ఆమె బత్తాయిలు అక్కడ పడేసి బయటికి వచ్చింది. వరండాలో మందుల చీటీ రాసే పిల్లను, రిక్షావాణ్ని, ఇంటికి పోయాక గట్టయ్యను, పొయ్యిని, పొగను, అందరినీ తిట్టింది. అప్పుడు తెరుచుకున్న నోరు మళ్లీ మూతపడలేదు. ఆ ఏడాది నుంచి సమ్మవ్వ ఇంటు తుడవమన్నవాణ్ని షెడ్డు చుట్టూ తరిమింది. సుత్తె దెబ్బ జానెడు నుంచి బెత్తెడుకు వచ్చింది. ఫోర్‌మన్ రిటైరై ఊరికి పోయాడు. గట్టయ్య కాలం చేశాడు. ఎల్లేశానికి పైన లైట్ల రూములో, బాయిలోకి దిగేవాళ్లకు లైట్లు ఇచ్చే పని ఇచ్చారు. చంక కర్ర పెట్టుకొని రోజూ అదే షిఫ్టు బండి ఎక్కుతాడు. కొత్తగా రంగు వేసిన బోగీ ఎక్కే ముందు మునుపటిలాగే అడుగుతాడు, సమ్మక్క ఎక్కిందా అని. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె ఎవర్నో ఒకర్ని తిడుతుంది. ఎందుకు తిడుతుందో ఎవరికీ తెలియదు.

రెండువేల పద్నాలుగు వచ్చింది. అప్పటికి షెడ్డులో పర్మినెంటు పనివాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకరు సమ్మవ్వ, ఇంకొకరు పెయింటర్ ముష్తాక్. మిగిలిన పనంతా కంట్రాక్టర్ జైపాల్ మనుషులది. జూన్ రెండున కొత్త రాష్ట్రం. షిఫ్టు బండిని పెండ్లికూతురు లెక్క తయారు చెయ్యాలని ఆర్డరు వచ్చింది. నాలుగు బోగీలు, పన్నెండు దినాలు. మామూలుగా ఒక్క బోగీకి నెల పడుతుంది.

సమ్మవ్వకు రాష్ట్రం మీద ప్రేమ లేదని కాదు. సకల జనుల సమ్మెలో నెల దాటి జీతం లేకుండా ఉన్నది ఆమె. పట్టాల మీద పొయ్యి పెట్టి అన్నం వండి, లారీలకు అడ్డం కూర్చున్నది ఆమె. రాష్ట్రం వచ్చిన దినం బండికి రంగు వెయ్యాలంటే అందరికన్నా ముందు సుత్తె పట్టుకుంది. ఎండకు బోగీ లోపల అప్పడం కాలినట్టు కాలుతూ మూడు బోగీలు తట్టింది. బాగున్నాయి. మూడో నంబరు బోగీ చివరికి వచ్చింది. దాని తలుపు దగ్గర రెండు మూరల పొడుగు, మూర వెడల్పు బొద్దుగా పలికింది. ఒక చోట సుత్తె మొన దిగింది కూడా. నాలుగు మూలలా నాలుగు ఇంటు గుర్తులు, నడుమ పెద్దది ఒకటి పెట్టి అన్నానికి పోయింది.

తిరిగి వచ్చేసరికి ఇంటు గుర్తులు లేవు. వాటి మీద నల్లటి రబ్బరు చాప పరిచి ఉంది. తలుపు బయట ముష్తాక్ బతుకమ్మ బొమ్మ వేస్తున్నాడు. తంగేడు పూల వరసలు ఒకటొకటిగా పేర్చినట్టే దిద్దుతున్నాడు.

"ముష్తాకూ, గీ చాప ఎవడేసిండు?"

ముష్తాక్ కుంచె ఆపలేదు. "నన్నడుగకు అక్కా. నేను బయట బొమ్మ ఏసేటోణ్ని. లోపట సంగతి నాకెందుకు?"

"నీ కండ్లు గూడ బయటనే ఉన్నయా? ఇంటి కాడ పెట్టొచ్చినవా?"

అప్పుడు కుంచె దించాడు. "గోనెసంచి ముక్కలు కుక్కిండ్రు అక్కా. మీద లప్పం. లప్పం మీద రంగు. నేను చెప్పిన, యే క్యా కర్ రే, గిదేం పని అని. పో ముసలోడా అన్నరు. పూలు ఏసుకో పో అన్నరు."

పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. సమ్మవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డు ఇంజనీరు ఉపేందర్ దగ్గరికి పోయింది. ఉపేందర్ ముప్పై ఏళ్లవాడు, చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పని సులువయ్యేది.

"సార్, మూడో నంబరు ఆపుండ్రి."

"అవ్వా, సర్టిఫికెట్ పోయింది. నాలుగు బోగీలని పైన చెప్పిన. ఒక్క దినం నడుస్తది. పండుగ అయినంక కండెం చేసి తుక్కుకు పంపుదాం. నా మాట మీద."

పండుగ అయినంక. నా మాట మీద. పదేళ్ల కింది మాటకు కొత్త మనిషి దొరికాడు.

"గోనెసంచి మీద మీ పెండ్లాన్ని నిలబెడ్తరా సార్?"

ఉపేందర్ ముఖం ఎర్రబడింది. "మాట జాగ్రత్త అవ్వా. నీకు ఏడాదే ఉంది సర్వీసు. సాఫీగా పో. సోమవారం వచ్చి మూడో నంబరుల కూసో. నువ్వు ఎక్కకుంటే జనం ఎక్కరు."

అదీ సంగతి. వాళ్లకు ఆమె సుత్తె అక్కర్లేదు, ఆమె ఇంటు అక్కర్లేదు. కిటికీలో ఆమె ముఖం కావాలి. రంగు వేసినట్టే దాన్నీ వేసుకుంటారు.

జూన్ రెండు, సోమవారం పొద్దున మొదటి షిఫ్టుకు సైడింగు నిండా జనం. బండికి బంతిపూల దండలు, జెండాలు, డప్పులు. మూడో నంబరు తలుపు మీద ముష్తాక్ బతుకమ్మ నిజంగా ఎత్తుకోబుద్ధి అయ్యేట్టు ఉంది. ఒకటి, రెండు, నాలుగు నిండాయి. మూడోది ఖాళీ. దాని ముందు సమ్మవ్వ, చీర కుచ్చిళ్లు దోపి, చేతిలో సుత్తెతో నిలబడి ఉంది. ఆమె వెనక అరవై డెబ్బై మంది. వాళ్ల నడుమ చంక కర్రతో ఎల్లేశం.

తెల్ల చొక్కా, చేతికి కడియంతో జైపాల్ వచ్చాడు. పక్కన ఉపేందర్.

"ఎక్కు ముసలవ్వా. జల్ది. జనం ఎండల నిలబడ్డరు."

"ఎక్కుత. నువ్వు గూడ రా."

"నాకు జెండా కాడ పనుంది."

"జెండా ఎనిమిదిన్నరకు. బాయి ఇరవై నిమిషాలు. రంగు నీది, సంతకం సారుది, సుత్తె నాది. ముగ్గురం పోదాం. అటు పక్క సారు, ఇటు పక్క నేను. నువ్వు గీ చాప మీద నడుమ నిలబడు."

జనంలో ఎవడో అరిచాడు: "నిలబడు జైపాలన్నా, నీ రంగు నిన్ను మొయ్యదా?" అందరూ నవ్వారు. జైపాల్ కూడా నవ్వుతూనే మెట్టెక్కాడు. గడప మీద నిలబడి చెయ్యి ఊపాడు.

"గడప మంచిదే. గడప మీద గాదు, లోపటికి పో. చాప మీదికి."

ఒక కాలు చాప మీదికి పోయింది. బూటు మొన ఆనించాడు. ఆనించి, వెనక్కి తీశాడు. ఆ తీసిన తీరు డెబ్బై మందీ చూశారు. బాయిలో పైకప్పు చప్పుడు విని బతికేవాళ్లు, మనిషి కాలు ఎందుకు వెనక్కి వచ్చిందో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. నవ్వు ఆగిపోయింది.

జైపాల్ కిందికి దూకాడు. ఈసారి నవ్వడం లేదు.

"ఏందే నీ లొల్లి? పెద్ద చెవి ఉన్నదానివి! రెండువేల నాలుగుల గీ ఎల్లేశం కాలు పోయిన్నాడు ఆ బోగీ తట్టింది నువ్వే గదా? ఎక్కింది నువ్వే గదా? అయినా రేకు పోయింది. అప్పుడు వినపడలేదా నీ చెవికి? నువ్వు ఎక్కినా పోతది, ఎక్కకున్నా పోతది. నీదంతా ఉత్త వేషం!"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండొచ్చు. తిట్టొచ్చు, తిట్లకు ఆమెకు కరువా? తిడితే జనం నవ్వుతారు, సగం మంది ఆమె పక్షం, సగం మంది పొద్దుపోతోందని ఎక్కేస్తారు. ఆమె చెవి మీద నమ్మకం పోతే మూడో నంబరు కదులుతుంది. నమ్మకం నిలబడాలంటే ఆ చెవి అప్పుడూ విన్నదని చెప్పాలి. చెబితే ఎల్లేశం వింటాడు.

"వినపడ్డది," అంది.

జైపాల్‌కు అర్థం కాలేదు. "ఏంది?"

"వినపడ్డది అంటున్న. బొద్దుగ పలికింది. ఇంటు పెట్టిన. దసరా బండి ఆగొద్దని తుడువుమన్నరు, తుడిసిన. గీ కొంగుతోని తుడిసిన. ఎక్కి ఆ కొసన కూసున్న, మంచి రేకు మీద. ఎల్లేశం నన్ను చూసి ఎక్కిండు. నేను తెలిసే కూసున్న." గొంతు పెద్దది చేసింది, వెనక నిలబడ్డవాళ్లకు కూడా వినపడాలి. "ఇయ్యాల గూడ వినపడ్డది. గీ చాప కింద ఇనుము లేదు, గోనెసంచి ఉన్నది. ఈసారి నేను ఎక్క. మీ ఇష్టం."

టక్, టక్ అని చంక కర్ర చప్పుడు వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఎల్లేశం ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆమె కళ్లు దించలేదు. కొట్టినా కొట్టించుకుందామనే నిలబడింది.

"సుద్ద ఉన్నదా?" అన్నాడు.

నడుముకు దోపిన సంచిలోంచి తీసి ఇచ్చింది. ఎల్లేశం కర్ర మీద వాలి, చెయ్యి చాపి, ముష్తాక్ బతుకమ్మ మీద, తంగేడు వరసల మీద, ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత, ఆ మూల నుంచి ఈ మూలకు ఒక గీత గీశాడు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, సుద్ద దానిలోకి దిగిపోయింది. ముష్తాక్ అది చూశాడు. పూలు పాడయినందుకు ఏడ్చాడా, ఇంకెందుకైనా ఏడ్చాడా, రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, ఎల్లేశం పట్టాల వెంట బాయి దిక్కు నడక మొదలుపెట్టాడు. ఒక్క కాలు మీద. డెబ్బై మందీ వెనక నడిచారు. కాసేపటికి ఎక్కినవాళ్లు కూడా దిగి నడిచారు. కొత్త రాష్ట్రం మొదటి దినం షిఫ్టు బండి దండలు వేసుకొని ఖాళీగా నిలబడింది.

షిఫ్టు గంటంపావు ఆలస్యమైంది. దానికి ఎవరో ఒకరు దొరకాలి కదా, సమ్మవ్వ దొరికింది. పండుగ పూట డ్యూటీకి ఆటంకం కలిగించిందని చార్జిషీటు ఇచ్చారు. ముష్తాక్ చదివి వినిపిస్తే, "అక్షరాలు మంచిగ ఉన్నయి, ఎవరు కొట్టిండ్రు మిషను మీద?" అని అడిగి సంతకం చేసింది. వారం తరువాత బయటి నుంచి అధికారి వచ్చాడు. ఉపేందర్ తన చేతులతోనే రబ్బరు చాప లాగేసి సుత్తెతో కొట్టాడు. సుత్తె కర్ర దాకా దిగబడింది. లాగితే దాని వెంట గోనెసంచి ముక్క వచ్చింది, మీద అక్షరాలు కూడా చెరిగిపోలేదు. మూడో నంబరు కండెం అయింది. గ్యాసుతో కోసి తుక్కు కింద ఎత్తుకుపోయే పని ఎవరికి దొరికిందయ్యా అంటే, జైపాల్ బామ్మర్దికి. చార్జిషీటు మాత్రం ఎవరూ వాపసు తీసుకోలేదు. ఆమె కూడా అడగలేదు. తప్పు పేరు వేరైనా, పడవలసిన శిక్షే తనకు పడిందనుకుంది. అట్లా అనుకున్నందుకు మళ్లీ కోపం వచ్చింది. మరి ఫోర్‌మన్‌కు ఎవరిచ్చారు చార్జిషీటు?

ఇప్పుడు షిఫ్టు బండికి మూడే బోగీలు. ఆమె రిటైరయ్యేలోగా ఒకటి, రెండు నంబర్లు మళ్లీ రంగుకు వచ్చి పోయాయి. బయటికి పోయిన మొదటి దినం సమ్మవ్వ ఎక్కి, కొసన కాదు, సరిగ్గా తలుపు దగ్గర నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంది.

ఆ రెండుసార్లూ ఎల్లేశం వచ్చాడు. సమ్మక్క ఎక్కిందా అని ఎవర్నీ అడగలేదు. తలుపులోకి తొంగి, ఆమె ఎక్కడ కూర్చుందో చూసి, ఎక్కి, ఆమెకు ఎదురుగా బల్ల మీద కూర్చొని, చంక కర్రను ఇద్దరి నడుమ అడ్డంగా పెట్టాడు. సైడింగు నుంచి బాయి దాకా ఇరవై నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు.

రెండోసారి వంపు దగ్గర బండి ఊగినప్పుడు సమ్మవ్వ ఇక ఉండబట్టలేకపోయింది.

"తిట్టరాదురా! నీ నోట్ల ఏం పుట్టింది? ఒక్క తిట్టు తిట్టు, పాపపోడా!"

ఎల్లేశం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. వంపు దాటింది. అతడు కర్ర ఎత్తి, ఆమె పక్కన రేకు మీద ఒక్క దెబ్బ వేశాడు.

ఖంగుమంది.